జాంగ్ వెన్‌తియన్: రెండు సమావేశాల మనిషి

శ్రోతలకు నమస్కారం.

చైనా విప్లవం అనగానే మనకు మావో, ఆ తర్వాత చౌ ఎన్ లై గుర్తొస్తారు. ఈ పూట ఇంకో మనిషి సంగతి చెబుతాను. ఆయన జాంగ్ వెన్‌తియన్. 1900లో షాంఘై దగ్గరి పల్లెలో పుట్టారు. మడుగులో క్రౌంచపక్షి కూత వేస్తే ఆకాశం దాకా వినబడుతుందని ఓ ప్రాచీన చైనా కవిత ఉంది. ఆ మాటలోంచే వెన్‌తియన్ అని పేరు పెట్టారు.

కుర్రతనంలో ఆయనకు సాహిత్యమే లోకం. అనువాదాలు చేశారు, నవల రాశారు, అమెరికా వెళ్లొచ్చారు. 1925లో కమ్యూనిస్టు పార్టీలో చేరి మాస్కోకు చదువుకు వెళ్లారు.

నా మట్టుకు నాకు ఈయన జీవితమంతా రెండు సమావేశాల్లో ఉంది.

మొదటిది 1935 జనవరిలో, ప్రభుత్వ సేనల నుంచి తప్పించుకుంటూ కమ్యూనిస్టు సైన్యం సాగించిన సుదీర్ఘ నడక, అంటే లాంగ్ మార్చ్, దారిలోని జున్యీ పట్టణంలో. వరస ఓటములతో సైన్యం చితికిపోయింది. పార్టీ పగ్గాలు బో గు చేతిలో ఉన్నాయి. జాంగ్‌కు ఆయన మాస్కో రోజుల సహచరుడే. అయినా మొహమాటపడలేదు జాంగ్. రాసుకొచ్చిన కాగితం చేతబట్టుకుని, యుద్ధం నడిపిన తీరే తప్పని తేల్చి చెప్పారు. తీర్మానం రాసిందీ ఆయనే. మావో ఎదుగుదల అక్కడ మొదలైంది. తర్వాతి నెల బో గు స్థానంలోకి జాంగ్ వచ్చారు. అంటే కొన్నేళ్లపాటు, కాగితం మీదైనా, పార్టీకి పెద్ద ఈయనే!

1951లో మాస్కోలో రాయబారి అయ్యారు. 1954 జెనీవా చర్చలకు వెళ్లారు. ఆపైన విదేశాంగ ఉపమంత్రి.

రెండో సమావేశం 1959 జులైలో, లూషాన్ కొండ మీద. ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచేయాలని మావో చేపట్టిన 'గ్రేట్ లీప్' లోపాలు చెబుతూ రక్షణమంత్రి పెంగ్ దెహువై మావోకు రాసిన ఉత్తరంతో అక్కడ అప్పటికే టెన్షన్. మాట్లాడొద్దని జాంగ్‌కు సలహా కూడా అందింది. అయినా 21వ తేదీన లేచి దాదాపు మూడు గంటలు మాట్లాడారు. రెండు రోజులకే మావో విరుచుకుపడ్డారు. పార్టీ వ్యతిరేకి అన్న ముద్ర పడింది, పదవి పోయింది.

1969లో ఆయన్ను దక్షిణాన జావోచింగ్‌కు పంపేశారు. అసలు పేరు వాడకూడదన్నారు. జాంగ్ పు అని మార్చుకున్నారు. 'పు' అంటే సాధారణం. అక్కడా ఊరుకోలేదు, గుట్టుగా వ్యాసాలు రాశారు. బంధువు ఒకాయన వాటికి నకళ్లు తీసి దాచారు.

1976 జులై 1న, సరిగ్గా పార్టీ పుట్టినరోజున, వూషీ పట్టణంలో కన్నుమూశారు. ఆయన భార్య ల్యూ యింగ్ కూడా లాంగ్ మార్చ్‌లో నడిచిన మనిషే. పూలచక్రం మీద భర్త పేరు రాసే వీలు ఆమెకు లేకపోయింది. 'పెద్దాయన కామ్రేడ్ జాంగ్‌కు' అని మాత్రం రాయించారు.

మూడేళ్లకు, 1979 ఆగస్టులో, బీజింగ్ సంస్మరణ సభలో డెంగ్ షియావోపింగ్ ఆయన్ను అసలు పేరుతో తలుచుకున్నారు.