పడమటి గోడ

అందరికీ నమస్కారం.

ఈ సెమిస్టర్‌లో మీ ఆర్కిటెక్చర్ ప్రాజెక్టు బెజవాడలో ఇరవై అంతస్తుల హోటల్ అని మీ మేడమ్ చెప్పారు. గ్రీన్ రేటింగుల పాయింట్లు మీరు పుస్తకంలో చదువుకోవచ్చు. నేను పడమటి గోడ గురించి మాట్లాడతాను.

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా అమ్మమ్మగారి పెంకుటింట్లో వేసవి రాగానే పడమటి వసారాకి వట్టివేళ్ళ తడికలు కట్టి, మధ్యాహ్నం నుంచి నీళ్ళు చల్లేవాళ్ళు. ఎండని ఇంటి బయటే ఆపాలని వాళ్ళకి తెలుసు. కిందటి మే నెలలో మన ఊళ్ళోనే ఒక హోటల్లో దిగాను. పడమరకి నేల నుంచి పైకప్పు దాకా అద్దం. సాయంత్రం దాకా కర్టెన్ తీయలేకపోయాను. ఏసీ 18లో పెట్టినా గది చల్లబడలేదు. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండని కర్టెన్ ఆపలేదు. ఆ వేడి అప్పటికే గదిలో ఉంటుంది.

విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో మధ్యాహ్నానికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా కాస్త ఉత్తరంగానే నడుస్తాడు. ఆ మూడు నెలలూ దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడదు. చలికాలంలో పడే ఎండని ఒక మంచి సన్‌షేడ్ ఆపుతుంది. పడమర అలా కాదు. నాలుగు గంటల ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కిందనుంచి దూరి మంచం దాకా వస్తుంది. బయట గాలి బాగా వేడెక్కి ఉండేదీ ఆ వేళకే.

మన అదృష్టం చూడండి, కృష్ణ ఊరికి దక్షిణాన ఉంది. గెస్టు అడిగే రివర్ వ్యూ, మనకి కావలసిన నీడ ఒకే వైపు దొరుకుతున్నాయి! బిల్డింగ్ పొడవు తూర్పు పడమరలుగా పెట్టి, గదులని ఉత్తర దక్షిణాలకి తిప్పండి. పడమటి కొసన లిఫ్టులు, మెట్లు, దుప్పట్లు పెట్టే గది పెట్టండి. గోడకి ఫ్లై యాష్ ఇటుక, అంటే బొగ్గు బూడిదతో చేసిన ఇటుక వాడండి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద మన పక్కనే ఉంది.

సింగపూర్‌లో వోహా సంస్థ డిజైన్ చేసిన ఒయేసియా హోటల్ 2016లో తెరిచారు. 27 అంతస్తులు. గోడల చుట్టూ ఎర్రటి అల్యూమినియం జాలీ, దాని మీద తీగలు. మధ్య మధ్య గాలి ఆడే తోటలు. నాకు చాలా ఇష్టమైన బిల్డింగ్ అది. కానీ దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దించొద్దు. అక్కడ ఏడాది పొడుగునా వానలు. మన మే నెలలో తీగ బతకాలంటే రోజూ నీళ్ళు కావాలి. బాత్రూమ్, లాండ్రీ నీళ్ళు శుద్ధి చేసి పైకి పంపే పైపులు మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి. తీగల్లో మన రాధామనోహరం వేసి చూడండి, ఎండకి తట్టుకుంటుంది. జాలీని గోడకి అంటించకుండా మనిషి నడిచేంత ఖాళీ వదలండి. తోటమాలికి దారి లేకపోతే రెండో ఏటికే అది ఎండిపోయిన కంప అవుతుంది.

వేణ్ణీళ్ళకి గీజర్లు వద్దు, బిల్డింగ్ మొత్తం ఏసీకి నీళ్ళు చల్లబరిచే యంత్రం, చిల్లర్, బయటికి వదిలే వేడి చాలావరకు సరిపోతుంది. ఏసీ మామూలుగా 24లో పెట్టండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క.

ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన ఊళ్ళో సింగ్ నగర్ మునిగింది. సెల్లార్‌లో ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, పంపులు పెట్టిన బిల్డింగ్‌లో వరదొస్తే పైన ఇరవయ్యో అంతస్తులో ఉన్న మనిషికి కూడా నీళ్ళుండవు, లిఫ్టు ఉండదు. వాటిని పై అంతస్తుకి ఎక్కించండి. పార్కింగ్ కోసం గొడవ పడాల్సి వచ్చినా సరే.

డ్రాయింగులు తెచ్చారు కదా. ముందు పడమర ఎలివేషన్, అంటే ఆ వైపు గోడ బయటికి కనిపించే బొమ్మ తీయండి, చూద్దాం.