వర్టికల్ కర్వ్ పొడవు: ముందు ఎంత దూరం కనపడాలో తేల్చుకోండి

మిత్రులారా, ఈ పూట ఒక్క లెక్కే చూద్దాం. రెండు గ్రేడియంట్లు, అంటే రోడ్డు వాలులు, కలిసే చోట ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మెల్లగా మారడానికి వేసే వర్టికల్ కర్వ్ ఎంత పొడవుండాలి? సూత్రాలు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శి ఐఆర్‌సీ ఎస్‌పీ:23లో ఉన్నాయి, మీకందరికీ తెలిసినవే. మనం తప్పేది సూత్రం దగ్గర కాదు, అందులో వేసే అంకెల దగ్గర.

డిజైన్ వేగం గంటకు 100 కి.మీ. అనుకుందాం. రోడ్డు 1.8 శాతం ఎక్కి, 1.2 శాతం దిగుతోంది. ఎక్కుడు ప్లస్, దిగుడు మైనస్. కాబట్టి రెండు వాలుల తేడా 3 శాతం, అంటే సూత్రంలో వేసే ఎన్ 0.03. పొరపాటున 3 అని వేస్తే పొడవు కిలోమీటర్ల లెక్కన వస్తుంది, చూడగానే దొరికిపోతుంది. గుర్తు మరిచి 1.8లోంచి 1.2 తీసేస్తే మాత్రం నమ్మదగ్గ అంకే వస్తుంది. ప్రమాదం దాంతోనే.

సమ్మిట్ కర్వ్‌కు, అంటే ఎక్కి దిగే శిఖరం మీది కర్వ్‌కు, ఎల్ = ఎన్ × ఎస్² ÷ 4.4. ఎల్ కర్వ్ పొడవు, ఎస్ ముందుకు కనపడాల్సిన దూరం, రెండూ మీటర్లలో. డ్రైవర్ కన్ను రోడ్డుకు 1.2 మీటర్ల ఎత్తున, ముందున్న అడ్డంకి 0.15 మీటర్ల ఎత్తున ఉంటాయని తీసుకున్నారు, 4.4 అక్కడి నుంచి వచ్చింది. ఎదురుబండి కనపడాలంటే రెండు చివరలా 1.2 మీటర్లే కనుక అది 9.6 అవుతుంది.

ఇప్పుడు ఎస్ సంగతి. బండి ఆగడానికి కావాల్సిన దూరం 180 మీటర్లు వేస్తే కర్వ్ 221 మీటర్లు. దానికి రెట్టింపు, 360 మీటర్ల ఇంటర్మీడియట్ దూరం 9.6తో వేస్తే 405. ఓవర్‌టేకింగ్‌కు 640 అదే 9.6తో వేస్తే ఏకంగా 1,280. పీవీఐ దగ్గర, అంటే రెండు గ్రేడియంట్లు కలిసే బిందువు దగ్గర, కర్వ్ ఎన్ × ఎల్ ÷ 8 మేర కిందికి దిగుతుంది కదా, ఆ లెక్కన దిగుడు వరసగా 0.83, 1.52, 4.8 మీటర్లు. మూడోది రాతి నేలలో చేయించాలంటే బ్లాస్టింగ్ బిల్లు చూసి ఎవరైనా వెనక్కి తగ్గుతారు. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డుకు మొదటిది కనీసం. రెండు లేన్ల రోడ్డుకు నేనైతే 405 పెట్టి, శిఖరం మీద ఓవర్‌టేకింగ్ నిషేధ గీత గీయిస్తాను. ఏడెనిమిది వందల మీటర్లు పెట్టడం నాకు నచ్చదు. ఖర్చూ అవుతుంది, ఓవర్‌టేక్ చేయడానికి చాలినంత చూపూ దొరకదు.

పొడవు వచ్చాక అది ఎస్ కంటే ఎక్కువో తక్కువో చూడాలి. పైన వాడిన సూత్రం ఎక్కువైనప్పుడే చెల్లుతుంది. తేడా 0.8 శాతమే ఉన్న సమ్మిట్‌లో అదే సూత్రం 59 మీటర్లు ఇస్తుంది, 180 కంటే తక్కువ. రెండో సూత్రం, 2 × ఎస్ − 4.4 ÷ ఎన్, మైనస్ 190 ఇస్తుంది. కంగారు పడక్కర్లేదు, చూపు కోసం కర్వ్ అక్కర్లేదని దాని అర్థం. అయితే ఈ వేగానికి 0.5 శాతం దాటిన తేడాకు కర్వ్ ఉండాల్సిందే కనుక కనీస పొడవు 60 మీటర్లు పెట్టాలి.

వ్యాలీ కర్వ్‌లో, అంటే దిగి ఎక్కే పల్లంలో, రాత్రి హెడ్‌లైటు వెలుగు పడే దూరం చూస్తాం. 4.4 స్థానంలో 1.5 + 0.035 × ఎస్ వస్తుంది; 180కి అది 7.8. రోడ్డు 2.5 శాతం దిగి 0.5 శాతం ఎక్కుతుంటే ఎన్ మళ్లీ 0.03. మొదటి సూత్రం 125 ఇస్తుంది, చెల్లదు. రెండోది 360 − 260, అంటే సరిగ్గా 100 మీటర్లు. ప్రయాణ సౌఖ్యం లెక్కకు అంతకంటే తక్కువే సరిపోతుంది కనుక 100 ఖాయం.

నీళ్ల సంగతి చాలామంది ఇక్కడే మరుస్తారు. ఈ కర్వ్‌లో అట్టడుగు పీవీఐ కింద ఉండదు. కర్వ్ మొదలు నుంచి 0.025 × 100 ÷ 0.03, అంటే 83 మీటర్ల దగ్గర ఉంటుంది. పీవీఐ 50 దగ్గరే. డ్రెయిన్ అవుట్‌లెట్ పీవీఐ దగ్గర పెడితే అసలు పల్లం 33 మీటర్లు అవతల, దానికంటే 17 సెంటీమీటర్లు కిందుగా మిగిలిపోతుంది. మొదటి వానకే నీరు అక్కడ నిలుస్తుంది.

ఇక సైట్‌లో లెవెల్స్. 20 మీటర్లకో పిన్ను పాతి దారం బిగిస్తే ఇదే కర్వ్‌లో రెండు పిన్నుల మధ్య దారం కర్వ్ కంటే 15 మి.మీ. ఎత్తున ఉంటుంది. మెషీన్‌తో వేసే పై పొరకు ఉన్న వెసులుబాటు 6 మి.మీ. పిన్నులు 10 మీటర్లకు పెడితే తప్పు 4 మి.మీ.కు దిగుతుంది, 5 మీటర్లకైతే 1. కర్వ్‌లో 5 మీటర్లకే పెట్టించండి. లెవెల్ షీట్ కూడా అదే అంతరంతో ముందే తీసి పేవర్ దగ్గరున్న సర్వేయర్ చేతికివ్వండి.