ప్లాన్‌లో ఇల్లు, వాడకంలో లాడ్జి

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: అగ్నిమాపక శాఖ విశ్రాంత అధికారి, భవనాల డిజైన్ చేసే ఆర్కిటెక్ట్, గోవిందరాజస్వామి గుడి దగ్గర లాడ్జి నడిపే యజమాని. మధ్యలో చిత్తూరు నుంచి ఒక ఫోన్ కాల్.)

వ్యాఖ్యాత: నమస్కారం. కొర్లగుంటలోనో భవానీనగర్‌లోనో ఒక వీధి చివరిదాకా నడిచి చూడండి. ఇల్లుగా కట్టిన మిద్దెలోనే కింద టిఫిన్ సెంటర్, నడిమి అంతస్తులో హాస్టల్, పైన యాత్రికుల గదులు కనిపిస్తాయి. వాడకం ఇలా మారినప్పుడు మంటల నుంచి రక్షణ సంగతేమిటి? సార్, మీతో మొదలుపెడదాం.

విశ్రాంత అధికారి: మన దగ్గర జరిగినవే రెండు చెప్తానమ్మా. 2022 సెప్టెంబర్‌లో చిత్తూరు రంగాచారి వీధిలో పేపర్ ప్లేట్లు తయారుచేసే చోట రాత్రిపూట మంటలు లేచాయి. కింద తయారీ, పైన కాపురం. తండ్రి, కొడుకు, వాళ్లతో ఉన్న ఇంకొకరు చనిపోయారు. వారం తిరగకముందే రేణిగుంటలో మరొకటి. కింద క్లినిక్, పైన ఇల్లు. ఒక వైద్యుడు, ఆయన ఇద్దరు పిల్లలు పోయారు. రెండు చోట్లా కింద పని జరుగుతుంది, పైన మనుషులు నిద్రపోతారు. ఇలాంటి భవనాలు మన రెండు జిల్లాల్లో వీధి వీధికీ ఉన్నాయి. అందుకే నేను ఈ చర్చకు వచ్చాను.

వ్యాఖ్యాత: మేడం, భవనాన్ని వర్గాలుగా విడదీయడం అంటారు కదా, అదెలా ఉంటుంది?

ఆర్కిటెక్ట్: మనకు ఆధారం 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి. భారతీయ ప్రమాణాల సంస్థ తెచ్చింది. అందులో నాలుగో భాగం పూర్తిగా అగ్ని, ప్రాణ రక్షణ గురించే. భవనాన్ని ఎవరు, ఏ పనికి వాడుతున్నారో చూసి దాన్ని ఒక వర్గంలో పెడతారు. వర్గాలకు ఇంగ్లిషు అక్షరాలే పేర్లు. నివాసాలు ఏ, విద్యాసంస్థలు బీ, ఆసుపత్రులు, జైళ్ల లాంటివి సీ, జనం గుమిగూడే చోట్లు డీ, ఆఫీసులు ఈ, దుకాణాలు ఎఫ్, పరిశ్రమలు జీ, గోడౌన్లు హెచ్, ప్రమాదకర సరుకులు ఉండేవి జే. నివాసాలన్నీ కూడా ఒకటి కాదు. లాడ్జి వేరు, సొంతిల్లు వేరు, హాస్టల్ లాంటి డార్మిటరీ వేరు, అపార్ట్‌మెంట్ వేరు, హోటల్ వేరు.

లాడ్జి యజమాని: అక్షరాలు మారితే ఏమవుతుంది మేడం? గోడలు అవే, శ్లాబు అదే కదా.

ఆర్కిటెక్ట్: గోడ మారదండీ. లోపల ఉండే మనిషి మారతాడు. మీ ఇంట్లో మీరు చీకట్లో కూడా మెట్లు దిగగలరు. మీ లాడ్జిలో దిగిన సోలాపూర్ యాత్రికుడికి మెట్లు ఎడమవైపా కుడివైపా అన్నది కూడా తెలియదు, రాత్రి పదకొండుకు వచ్చి పడుకున్నాడు. హాస్టల్లో అయితే ఒకే అంతస్తులో అరవై మంది పిల్లలు ఒకేసారి లేస్తారు. ఆసుపత్రిలో ఒకరు మోస్తే తప్ప కదలలేనివాళ్లుంటారు. వర్గీకరణకు మూలం ఇదే. మెలకువగా ఉన్నారా, దారి తెలుసా, సొంతంగా నడవగలరా, ఎంతమంది? ఈ నాలుగింటికీ వచ్చే జవాబును బట్టి మెట్లు, తలుపులు, అలారం అన్నీ మారతాయి.

విశ్రాంత అధికారి: క్లినిక్ సంగతి కూడా చెప్పండి మేడం, చాలామంది అక్కడే పొరబడతారు.

ఆర్కిటెక్ట్: అవును. డాక్టరు గదిలో కూర్చుని చూసి పంపించేస్తే అది ఆఫీసు లాంటిదే, ఆఫీసులుండే ‘ఈ’ (E) వర్గం. అదే చోట నాలుగు మంచాలు వేసి రాత్రికి రోగులను ఉంచుకున్నారంటే సీ వర్గం, ఆసుపత్రి. మెట్లు కనీసం 2 మీటర్లు ఉండాలి. బయట బోర్డు మారదు, అద్దె మారదు, రక్షణ అవసరం మాత్రం ఒక్క రాత్రిలో మారిపోతుంది. 2020 ఆగస్టులో విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్‌లో మంటలంటుకుని 10 మంది చనిపోయారు. హోటల్లో దిగినవాడు లేచి పరుగెత్తగలడన్న లెక్కన కట్టిన భవనంలో రోగులను ఉంచితే ఏమవుతుందో అక్కడ చూశాం.

వ్యాఖ్యాత: ఎంతమంది ఉండొచ్చో లెక్క ఎలా కడతారు?

ఆర్కిటెక్ట్: మనిషికి ఇంత స్థలం అని నియమావళిలో ఉంది. నివాసమైతే తలకు 12.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 135 చదరపు అడుగులు. భోజనశాల అయితే 1.5 మీటర్లే, సుమారు 16 అడుగులు. 1,600 చదరపు అడుగుల అంతస్తు తీసుకోండి. ఇల్లయితే అక్కడ 12 మంది ఉంటారని లెక్క. దాన్నే పెళ్లి భోజనాల హాలు చేస్తే 100 మంది. మెట్లకు మనిషికి 10 మిల్లీమీటర్ల వెడల్పు చొప్పున వంద మందికి మీటరు కావాలి. పైగా డీ వర్గంలో మెట్ల కనీస వెడల్పు అంతకన్నా ఎక్కువే, బయటికి కనీసం రెండు దారులు, అవీ దూరందూరంగా ఉండాలి. మరి ఇంటి మెట్లు ఎంతుంటాయి? మూడడుగులు.

విశ్రాంత అధికారి: ఆ మూడడుగుల్లోనూ సగం చెప్పుల స్టాండు, వాటర్ క్యాన్లు. మిగతా సగంలో దిగాలి.

లాడ్జి యజమాని: సార్, నన్ను కూడా మాట్లాడనీయండి. మీరు చెప్పేది బాగానే ఉండాది. మాది మా నాయన కాలంలో కట్టిన మిద్దె. ముందర సందు ఎనిమిది అడుగులు. ఫైరింజను కాదు కదా, ఆటో ఎదురొస్తే కూడా మళ్లదు. రూలు ప్రకారం చెయ్యమంటే పడగొట్టాల్సిందే, ఇంగో దారి లేదు. ఇంకొకటి సామీ, శనాదివారాల్లో, బ్రహ్మోత్సవాల్లో గదికి నలుగురు కాదు, ఏడుగురు పడుకుంటా ఉండారు. వద్దంటే చంటిబిడ్డలతో బయట రోడ్డు మీద పడుకుంటారు. వాళ్లను యాడికి పొమ్మనాల?

వ్యాఖ్యాత: ఇది తిరుపతిలో రోజూ ఎదురయ్యే ప్రశ్నే.

విశ్రాంత అధికారి: దాన్ని కొట్టిపారేయను. గుడి చుట్టూ ఉన్న సందులు ఫైరింజన్లు పుట్టకముందువి. 2023 జూన్‌లో అదే గుడి దగ్గర ఫొటో ఫ్రేముల దుకాణం తగలబడినప్పుడు ఊరంతా చూసింది. నేను చెప్పేది ఒకటే. బండి రాలేని సందులో ఉన్న భవనంలో లోపలివాళ్లు వాళ్లంతట వాళ్లే బయటపడాలి. కాబట్టి విశాలమైన రోడ్డు మీద ఉన్న లాడ్జి కన్నా మీకు జాగ్రత్త ఎక్కువ కావాలి, తక్కువ కాదు. ఏడుగురిని ఉంచుకోవాల్సి వస్తే ఏడుగురికీ దిగే దారి చూడాలి.

లాడ్జి యజమాని: దారి చూపించండి, చేస్తాను.

విశ్రాంత అధికారి: మొదట కింది అంతస్తు చూడండి. మీ కింద ఎవరున్నారు?

లాడ్జి యజమాని: ఒక పక్క బొమ్మల అంగడి, ఒక పక్క బ్యాటరీ బండ్లు అద్దెకిస్తారు. రాత్రి అక్కడే చార్జింగ్ పెడతారు.

విశ్రాంత అధికారి: అది ముందు తీయించాలి. బేరం వద్దు, గడువు వద్దు. 2022 సెప్టెంబర్‌లోనే సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది చనిపోయారు. కింద పుట్టిన పొగ మెట్లదారిలో పైకి లాగేస్తుంది. ఆ మెట్లే మీకు పొగగొట్టం అయిపోతాయి. మంట మూడో అంతస్తుకు రాకముందే పొగ వచ్చేస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, అది బాగా ఎక్కువైతే రెండు మూడు పీల్పులకే మనిషికి తోచదు. తలుపు ఏదో, బీరువా ఏదో తెలియని స్థితిలో పడిపోతారు. చాలామంది ఒళ్లు కాలకుండానే పోయేది అందుకే.

ఆర్కిటెక్ట్: ఒకే భవనంలో రెండు మూడు వాడకాలుంటే వాటి మధ్య మంటను ఆపే గోడ, శ్లాబు, తలుపు ఉండాలి. లేకపోతే అందులో ఏది ఎక్కువ ప్రమాదమో దాని నిబంధనే భవనం మొత్తానికి అనుకోవాలి. మీ మెట్లు దుకాణాల మధ్యలోంచి లేస్తున్నాయా?

లాడ్జి యజమాని: అవును, అంగడి పక్కనుంచే.

ఆర్కిటెక్ట్: అయితే అంగడికీ మెట్లకూ మధ్య ఉన్న కిటికీలు, పలక తలుపులు తీసేసి ఇటుక గోడ కట్టించండి. ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర దానంతటదే మూసుకునే ఫైర్ డోరు పెట్టించండి. దాన్ని ఇటుక ముక్క అడ్డుపెట్టి తెరిచి ఉంచనివ్వకండి. దీనికి పడగొట్టే పని లేదు. వెనకవైపు మూడు నాలుగు అడుగులు ఖాళీ ఉన్నా ఇనుప మెట్లు వేయించవచ్చేమో ఇంజినీరుకు చూపించండి.

విశ్రాంత అధికారి: నాకైతే మెట్లే ముందు. నీళ్లు, గొట్టాలు, మంటలార్పే సిలిండర్లు అన్నీ తర్వాత.

ఆర్కిటెక్ట్: ఇక్కడ మీతో కలవలేను సార్. నిద్రపోయే భవనంలో పొగను పసిగట్టి మోగే డిటెక్టర్లే ముందు. దారి రెండు మీటర్లున్నా మనిషి లేవకపోతే ఏం లాభం? పొగ వాసనకు నిద్ర లేస్తామన్న నమ్మకం మీద ప్రాణాలు పెట్టకూడదు.

విశ్రాంత అధికారి: లేచి బయటికొస్తే మెట్లకు తాళం ఉంటే?

ఆర్కిటెక్ట్: తాళం తీయడానికి రూపాయి ఖర్చు లేదు, ఈ రాత్రే తీయించండి. డిటెక్టర్లకు ఖర్చుంది, అందుకే దాని గురించి వాదిస్తున్నాను.

విశ్రాంత అధికారి: సరే, ఆ మాటకు ఒప్పుకుంటాను. కానీ మేడపై తలుపు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఊళ్లో సగం భవనాల్లో దానికి తాళమే. ట్యాంకులో ఎవరో దిగుతారని, కుర్రాళ్లు పైకెక్కుతారని. కింద పొగ కమ్ముకుంటే జనం పైకే పరుగెడతారు. లోపలివైపు తీసుకునే గడియ పెట్టండి, బయటివాళ్లు రాకుండా చూసుకోండి. 1997 జూన్‌లో ఢిల్లీలో సినిమా హాలు తగలబడి 59 మంది పోయారు. అక్కడా తలుపుల తాళాలే ప్రాణాలు తీశాయి.

వ్యాఖ్యాత: అభ్యంతరం లేదని అగ్నిమాపక శాఖ ఇచ్చే పత్రం, ఎన్‌ఓసీ, ఎవరికి తప్పనిసరి?

విశ్రాంత అధికారి: మన రాష్ట్రంలో 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఉంది. 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనాలు, 18 మీటర్లు, ఆపైన నివాస భవనాలు శాఖ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా మందిరాల లాంటి చోట్లకు 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, ఎత్తు 6 మీటర్లు ఉన్నా తీసుకోవాలి. ప్లాను దశలో ఒకసారి, కట్టాక వాడకానికి ముందు ఒకసారి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలామంది కొలత కొంచెం తగ్గించి కట్టి, మాకు వర్తించదు అంటారు. చిత్తూరులో, రేణిగుంటలో ప్రాణాలు తీసినవి ఆకాశమంత భవనాలు కావు. మన వీధిలో ఉండే మిద్దెలే.

వ్యాఖ్యాత: చిత్తూరు నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో: నమస్తే అమ్మా. మా పాపను తిరుపతిలో కోచింగ్‌కు చేర్పించినాం. హాస్టల్ మూడో అంతస్తులో ఉండాది. రాత్రి పదికి మెయిన్ గేటుకు తాళం వేస్తారు. ఆడబిడ్డలు కదా, భద్రం అని మేము కూడా సంతోషపడినాం. మీ మాటలు వింటా ఉంటే భయమైతా ఉంది. పోయి ఏం చూడాల?

ఆర్కిటెక్ట్: అమ్మా, బయటివాళ్లు రాకుండా తాళం వేయడం తప్పు కాదు. తాళంచెవి ఎవరి దగ్గర, వాళ్లు ఎక్కడ పడుకుంటారు అని అడగండి. వార్డెన్ ఆ గేటు పక్కనే ఉండాలి, పైగా లోపలినుంచి చెవి లేకుండా తెరుచుకునే గడియ ఉండాలి. తర్వాత పాప మంచం దగ్గర నిలబడి మెట్ల దాకా నడిచి చూడండి. రెండో దారి ఏదని పాపనే అడగండి. తనకు తెలియకపోతే లేనట్టే లెక్క. కిటికీలన్నిటికీ కదలని గ్రిల్ ఉంటే, గదికి ఒకటైనా లోపలినుంచి తెరిచేలా మార్చమనండి.

విశ్రాంత అధికారి: వంటగది ఎక్కడుందో కూడా చూడు తల్లీ. పిల్లలు పడుకునే అంతస్తులో, మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు ఉండకూడదు. క్లాసులు కూడా అదే భవనంలో అయితే ఆ హాలుకు ఎన్ని తలుపులున్నాయో చూడు. 2019 మే నెలలో సూరత్‌లో కోచింగ్ సెంటర్ మంటల్లో 22 మంది పిల్లలు చనిపోయారు. మేడ మీద కప్పు వేసి క్లాసులు నడిపిన చోటు అది. నువ్వొక్కదానివే కాకుండా నలుగురు తల్లిదండ్రులు కలిసి పోండి, యాజమాన్యం మాట వింటుంది.

ఫోన్‌లో: రేపే పోతాను సార్.

లాడ్జి యజమాని: సార్, ఒక్క మాట. నేనుగా ఆఫీసుకు పోయి, మా మిద్దె ప్లాన్‌లో ఇల్లు, లాడ్జి నడుపుతా ఉండాను అని చెప్తే మొదట నోటీసు నాకే వస్తుంది. అందుకే ఎవురూ పోరు. ఇది నిజం.

ఆర్కిటెక్ట్: నిజమే, ఆ భయం ఉంది. దాన్ని పోగొట్టాల్సింది నగరపాలక సంస్థే. ముందుకొచ్చి చెప్పినవాళ్లకు సరిచేసుకునే గడువు ఇవ్వాలి, గుడి చుట్టూ ఉన్న పాత వీధులకు సాధ్యమయ్యే పనుల జాబితా విడిగా తయారుచేయాలి. 2017 భవన నిర్మాణ నియమాలు కొత్త కట్టడాలను దృష్టిలో పెట్టుకున్నవి. ఎనిమిది అడుగుల సందులో సెట్‌బ్యాకు, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ, అడిగితే ఎవరూ ఇవ్వలేరు. ఇది నేను అధికారులకూ చెప్తున్న మాట.

విశ్రాంత అధికారి: వాళ్లు చేసేదాకా మీరు ఆగొద్దు. ఎల్‌టీపీని, అంటే ప్లాన్లు గీయడానికి లైసెన్సున్న సాంకేతిక నిపుణుణ్ణి, పిలిచి ఇప్పుడున్న భవనం ఉన్నట్టుగా కొలతలు గీయించండి. వాడకం మార్పుకు దరఖాస్తు టౌన్ ప్లానింగ్‌లో పెట్టండి. కరెంటు లోడు కూడా చూపించండి. ఇంటికి తీసుకున్న లోడు మీద పన్నెండు ఏసీలు నడుస్తుంటే వైర్లు కాలుతాయి. ఫైర్ స్టేషన్‌కు పోవడానికి నోటీసు భయం అక్కర్లేదు. మాక్ డ్రిల్ చేయించమని స్టేషన్ ఆఫీసర్‌ను అడగండి. మీ గుమాస్తా, రాత్రి వాచ్‌మన్, గదులు ఊడ్చే ఆడవాళ్లు అందరూ ఉన్న పూట పెట్టించుకోండి. మంటలు లేచిన రాత్రి 101కి ఫోన్ చేసేది, తలుపులు కొట్టి జనాన్ని లేపేది వాళ్లే.

లాడ్జి యజమాని: బ్యాటరీ బండ్లవాళ్లతో ఈ రాత్రికే మాట్లాడతాను. ఫైర్ స్టేషన్‌కు సోమవారం పోతాను.