22 పాటలు, 18 నిమిషాలు: డి.ఆర్.ఐ. రికార్డులు ఎలా వినాలి

[తెర మీద: ఏడంగుళాల రికార్డు తిరుగుతూ ఉంటుంది]

వాయిస్: 1982లో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో మొదలైన బ్యాండ్ డి.ఆర్.ఐ. పూర్తి పేరు డర్టీ రాటన్ ఇంబెసైల్స్. 1983లో వచ్చిన వాళ్ల మొదటి రికార్డు డర్టీ రాటన్ ఈపీలో (ఈపీ అంటే ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) 22 పాటలున్నాయి. అన్నీ కలిపి 18 నిమిషాలే! 1987లో వచ్చిన క్రాసోవర్ అనే ఆల్బమ్‌లో పాటలు 12. చాలావరకు మూడు నాలుగు నిమిషాలవి. పాడేది అదే కర్ట్ బ్రెక్ట్, గిటార్ అదే స్పైక్ కాసిడీ. ఈ రెండింటి మధ్య ఏం మారిందో చెవికి పట్టుబడితే హార్డ్‌కోర్ పంక్ (వేగంగా, కరుకుగా ఉండే రాక్), హెవీ మెటల్ కలిసిన క్రాసోవర్ త్రాష్ అంటే ఏమిటో తెలిసిపోతుంది.

[తెర మీద: ప్లేయర్ సెట్టింగ్స్]

వాయిస్: వినేముందు యాప్‌లో మూడు మార్పులు చేయాలి. షఫుల్ ఆపండి. పాటల మధ్య ఖాళీ రాకుండా గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. క్రాస్‌ఫేడ్, అంటే ఒక పాట చివర మీదే తర్వాతి పాట మొదలయ్యే ఏర్పాటు, పూర్తిగా సున్నాకి తెచ్చేయండి. క్రాస్‌ఫేడ్ పన్నెండు సెకన్లు ఉందనుకోండి, ముప్పై సెకన్ల పాటలో మొదలూ చివరా పక్క పాటలతో కలిసిపోయి మధ్యలో ఆరు సెకన్లే శుభ్రంగా మిగులుతుంది. స్ట్రీమింగ్ క్వాలిటీ కూడా పెంచుకోండి. బిట్‌రేట్ (సెకనుకి వచ్చే ఆడియో డేటా) తక్కువైతే మొదట దెబ్బతినేది సింబల్సే, అంటే డ్రమ్ సెట్‌లోని లోహపు పళ్లాలే. ఇంత వేగంలో అవి ఒకటే బుసలా వినిపిస్తాయి, స్నేర్ డ్రమ్ దెబ్బ అందులో మునిగిపోతుంది.

[తెర మీద: డీలింగ్ విత్ ఇట్, 1985]

వాయిస్: మొదట వినాల్సింది ఈపీ కాదు, డీలింగ్ విత్ ఇట్ ఆల్బమ్. ఇందులో 25 పాటలు. హార్డ్‌కోర్ పంక్ దూకుడు తగ్గలేదు కానీ రికార్డింగ్ స్పష్టంగా ఉంది, ఏ వాద్యం ఎక్కడుందో తెలుస్తుంది. ఒక్కసారి ఆపకుండా వినేయండి. పాటల పేర్లు చూడొద్దు. రెండోసారి డ్రమ్స్ మీదే దృష్టి పెట్టండి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్, కిక్, స్నేర్ అని డ్రమ్మర్ ఫెలిక్స్ గ్రిఫిన్ ఎడతెగకుండా మార్చి మార్చి కొడుతుంటాడు. ఆ వరుస ఎక్కడ తెగి సగం వేగానికి పడుతుందో గుర్తుపట్టండి. పాట బరువంతా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఈపీకి వెనక్కి వెళ్లండి. అక్కడ డ్రమ్మర్ ఎరిక్ బ్రెక్ట్. ఐ డోంట్ నీడ్ సొసైటీ రెండు రికార్డుల్లోనూ ఉంది కాబట్టి రెండూ వెంటవెంటనే పెట్టి పోల్చుకోవచ్చు.

[తెర మీద: గాడుల దగ్గరి దృశ్యం]

వాయిస్: ఈపీ అసలు ప్రతి కోసం డబ్బు కూడబెడుతున్నవాళ్లు ఇది కాస్త వినండి. ఏడంగుళాల ప్లేటుకి ఒక్కో వైపు సుమారు తొమ్మిది నిమిషాలు ఎక్కించాలంటే గాడులు దగ్గర దగ్గరగా ఇరికించాలి. బేస్‌కి, అంటే కింది స్థాయి శబ్దానికి, గాడి పక్కకి ఊగే చోటు కావాలి. ఆ చోటు లేదు కనుక బేస్, వాల్యూమ్ రెండూ తగ్గించి కోస్తారు. వాల్యూమ్ తగ్గిన మేరకు చిటపటలు పైకి తేలతాయి. పైగా లేబుల్‌కి దగ్గరయ్యే కొద్దీ సూది కింద గాడి నెమ్మదిగా కదులుతుంది, దాంతో సింబల్స్ చీలినట్టు వస్తాయి. సూది పాడైందని అనుకోకండి. ఇవే పాటలు తర్వాత పన్నెండంగుళాల ప్లేటు మీద డర్టీ రాటన్ ఎల్పీగా వచ్చాయి. వినడానికైతే అదే కొనండి. చిన్న ప్లేటు దాచుకోవడానికి.

[తెర మీద: గిటార్ బ్రిడ్జ్ దగ్గర కుడిచేయి]

వాయిస్: ఇక క్రాసోవర్. ఇక్కడ వినాల్సింది స్పైక్ కాసిడీ కుడిచేయి. ఈపీలో తీగలు ఎక్కువగా వదిలేసి మోగిస్తాడు, శబ్దం గోడలా వస్తుంది. ఇక్కడ అరచేతి అంచు బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) పక్కన తీగల మీద ఆనించి కొడతాడు. స్వరం సాగదు. జగ్, జగ్, జగ్ అని తెగి తెగి పడుతుంది. అదే పామ్ మ్యూట్. చెయ్యి మరీ ముందుకి జరిగితే స్వరం చచ్చిపోయి టకటకలే మిగులుతాయి, వెనక్కి జరిగితే మళ్లీ మోగుతుంది. ఆ కొద్దిపాటి జాగాలోనే మెటల్ రిఫ్ (పదేపదే తిరిగొచ్చే గిటార్ పలుకు) పుడుతుంది. మొదటి పాట ది ఫైవ్ ఇయర్ ప్లాన్ ఇయర్‌ఫోన్స్‌లో వినండి. రిఫ్ నిలదొక్కుకోవడానికి సమయం తీసుకుంటుంది. అందుకే పాటలు పొడవయ్యాయి. హ్యూస్టన్ వదిలి శాన్ ఫ్రాన్సిస్కో చేరిన బ్యాండ్ ఇది, ఆ చుట్టుపక్కలే బే ఏరియా త్రాష్ అనే వేగమైన మెటల్ ఉడుకుతోంది. మెటల్‌కి అమ్ముడుపోయారని అప్పట్లో కొందరు పంక్ అభిమానులు మండిపడ్డారు. రికార్డు వింటే అమ్ముడుపోయిన ఛాయలేమీ కనిపించవు. కర్ట్ బ్రెక్ట్ గొంతు ఒక్క పిసరు కూడా మెత్తబడలేదు.

1988 నాటి ఫోర్ ఆఫ్ ఎ కైండ్, 1989 నాటి త్రాష్ జోన్ ఇదే దారిలో సాగుతాయి. క్రాసోవర్ నచ్చితేనే వాటి జోలికి వెళ్లండి.

ఆ తర్వాత నార్త్ కరోలినా బ్యాండ్ కరోజన్ ఆఫ్ కన్ఫార్మిటీ 1985లో తెచ్చిన ఆనిమాసిటీ పట్టుకోండి. డీలింగ్ విత్ ఇట్ వచ్చిన ఏడాదే వచ్చింది, కానీ నెమ్మదించే చోట్ల ఇంకా బరువుగా, బురదగా ఉంటుంది. కొత్త తరంలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్ నుంచి మునిసిపల్ వేస్ట్ ఉంది. వాళ్లది 2005 నాటి హజార్డస్ మ్యుటేషన్‌తో మొదలుపెట్టండి.