ఒక్క దుబ్బుతో రాతి సందులన్నీ నింపుదాం

నమస్కారం. ఈ కుండీని కాస్త దగ్గరగా చూడండి. ఇది క్రీపింగ్ ఫ్లాక్స్. జానెడు ఎత్తు కూడా పెరగదు కానీ, పక్కలకు చాపలా పరుచుకుంటుంది. ఏడాదికేడాది అదే మొక్క పూస్తుంది. రాళ్ల తోటలో సందులు నిండాలంటే ఇలాంటివి పది పదిహేను కావాలి. అన్నీ కొనాల్సిన పని లేదు.

ఈ కొమ్మను మెల్లగా పైకెత్తుతున్నాను. కణుపు దగ్గర తెల్లటి దారప్పోగుల్లా ఉన్నాయి కదా, అవి వేళ్లు. నేనేమీ చేయలేదు, మట్టికి ఆనిన చోట అదే వేసుకుంది. తల్లి వైపు కత్తిరించి, వేళ్లతో సహా తీసి నాటుకుంటే కొత్త మొక్క సిద్ధం. వేళ్లు లేని కొమ్మైతే నేలకు వంచి, కణుపు మీద కాస్త మట్టి కప్పి, ఇలా ఒక రాయి పెట్టండి. రాయి కొమ్మను కదలనివ్వదు, కింద తడినీ ఆరనివ్వదు. ఇక దాని జోలికి వెళ్లకండి.

డయాంథస్ అనే పూల మొక్కకు కత్తెర కూడా అక్కర్లేదు. పూత అయిపోయాక, మొగ్గ లేని కొమ్మను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొసను లాగితే కణుపు దగ్గర ఊడి వస్తుంది. కింది ఆకులు తీసేసి కుండీలో గుచ్చడమే. కుండీలో ఏముండాలన్నదే అసలు సంగతి.

మొదటిసారి నేను మెత్తటి ఇసుక వాడాను. పైగా ప్రేమ కొద్దీ రోజూ నీళ్లు పోశాను. ఇసుక గట్టిగా బిగుసుకుపోయింది, ఇరవై కొమ్మలూ మొదలు దగ్గర నల్లబడి కుళ్లాయి. వేళ్లు పుట్టాలంటే తడి ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. అందుకే ఇప్పుడు సగం గరుకు ఇసుక, సగం జల్లించిన ఆకు ఎరువు కలుపుతున్నాను. మట్టి కుండీ అయితే మరీ మంచిది, దాని గోడలు గాలి పీలుస్తాయి.

సెడమ్ అనే దళసరి ఆకుల మొక్క కొమ్మల్లో నీరెక్కువ. కోసిన చోటు ఒకటి రెండు రోజులు నీడలో ఆరాకే నాటండి. ఆకులు గుత్తిగా పెరిగే సెంపర్వివమ్ అయితే కోడిపిల్లల్లా చుట్టూ పిలకలు పెడుతుంది, తీసి నాటితే చాలు. లాటిన్‌లో ఆ పేరుకు 'ఎప్పటికీ బతికేది' అని అర్థం. తమాషా ఏమిటంటే, పూసిన ఆకుల గుత్తి విత్తనం కట్టి చచ్చిపోతుంది, పిలకలే వంశం నిలుపుతాయి.

విత్తనాలతో ఓపిక కావాలి. కొండల మీద పుట్టిన చాలా మొక్కల గింజలు చలికాలం దాటితే గానీ మొలవవు. శీతాకాలానికి ముందే మొలిస్తే లేత మొలక మంచుకు చస్తుంది కాబట్టి అవి అలా ఆగుతాయి. తడి ఇసుకలో కలిపి 4 నుంచి 6 వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే చలికాలం గడిచిందని నమ్ముతాయి. అయితే ప్రత్యేకంగా పేరు పెట్టి అమ్మే రకాలకు గింజలు వద్దు, తల్లి రంగే వస్తుందన్న భరోసా లేదు.

ఇంకొక్క మాట. వేళ్లు వచ్చాయా లేదా అని కొమ్మను పీకి చూడకండి. నేనూ పీకాను, అప్పుడే పుట్టిన వేళ్లు పుటుక్కున తెగాయి. కొసన కొత్త చిగురు కనిపించేదాకా ఆగండి.

ఇదిగో, ఈ పన్నెండు కొమ్మలనూ కుండీ అంచు వెంట గుచ్చాను. తేదీ రాసి నీడలో పెడుతున్నాను. చిగురు వేశాక ఇదే కుండీని మీ ముందే బోర్లిస్తాను.