కర్ర బాణం కట్టడం: 45 పౌండ్ల విల్లుకు సరిపోయే వేట బాణం

[తెర మీద: బల్ల మీద పన్నెండు సెడార్ కర్రలు. ఒక చెయ్యి ఒక్కోదాన్నీ తీసి గోళ్ల మీద దొర్లిస్తోంది.]

ఇవి పన్నెండు కర్రలు. ఒకే కట్టలోవి, ఒకే లావు, ఒకే పొడవు. చూపుకు అన్నీ కవల పిల్లల్లా ఉన్నాయి. తూచి చూస్తే మాత్రం తేలిక దానికీ బరువు దానికీ 40 గ్రెయిన్ల (దాదాపు 2.6 గ్రాముల) తేడా రావచ్చు. వంచి చూస్తే ఒకటి మెత్తగా ఒంగుతుంది, ఇంకోటి మొండికేస్తుంది. బాణం పక్కకు పోతే విల్లును తిట్టేవాళ్లు కొందరు, తమ చేతిని తిట్టుకునేవాళ్లు కొందరు. తప్పు చాలాసార్లు అంతకుముందే, ఈ బల్ల దగ్గరే జరిగిపోయి ఉంటుంది.

ఈ వీడియోలో లెక్కలన్నీ ఒకే సరంజామాకు చెబుతాం: లాగడానికి 45 పౌండ్ల బలం పట్టే రికర్వ్ విల్లు (చివరలు ముందుకు వంగినది), 28 అంగుళాల లాగుడు, వేట వైట్‌టెయిల్ జింక, దూరం 20 గజాల లోపు.

ముందు చట్టం సంగతి. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం. ఆయుధం అంటే ఏమిటో చెప్పే చోట ఆ చట్టం విల్లంబులను పేరుపెట్టి మరీ చేర్చింది. కాబట్టి ఈ వీడియో అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజన్లో వేటకు వెళ్లే మనవాళ్ల కోసం. టెక్సస్ సంగతే తీసుకుంటే, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చెయ్యాలి. జింక మీద వాడే బ్రాడ్‌హెడ్ (బ్లేడున్న వేట ములికి) కనీసం 7/8 అంగుళం వెడల్పుండాలి, కనీసం రెండు కోత అంచులుండాలి. మిగతా రాష్ట్రాల నియమాలు వేరు. మీ రాష్ట్రపు పుస్తకం ఈ ఏటిది తీసి చూడండి.

[తెర మీద: బాణం విల్లును దాటుతుండగా నెమ్మదిగా తిప్పిన దృశ్యం. కర్ర పాములా మెలిక తిరుగుతోంది.]

ఇక స్పైన్, అంటే కర్ర ఎంత గట్టిదో చెప్పే కొలత. ఈ వీడియోలో ఒక్క ముక్కే గుర్తుంటుందనుకుంటే, అది ఇదే కావాలి.

నారి వదలగానే వెనకనుంచి తోపు పడుతుంది. ముందున్న ములికి బరువు వెంటనే కదలనంటుంది. మధ్యలో కర్ర ఒంగక తప్పదు. విల్లు కర్ర బాణానికి అడ్డంగానే ఉంటుంది కాబట్టి, ఆ ఒంపుతోనే బాణం దాని పక్కనుంచి తప్పుకుని బయటపడాలి. 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ వేగపు కెమెరాతో దీన్ని ఫిల్మ్ మీద చూపించాడు. ఒంపు సరిపోతే బాణం విల్లును తాకకుండా చుట్టి వెళ్తుంది. కర్ర మరీ గట్టిదైతే విల్లుకు తగిలి పక్కకు తన్నుకుంటుంది. మరీ మెత్తదైతే అవసరానికి మించి ఒంగి, ఆ ఊగిసలాట తగ్గేసరికే సగం దూరం దాటిపోతుంది.

కర్ర స్పైన్ ఇంట్లోనే కొలవచ్చు. 26 అంగుళాల ఎడంలో రెండు ఆధారాలు పెట్టి, కర్రను వాటి మీద ఉంచి, సరిగ్గా మధ్యలో 2 పౌండ్ల బరువు వేలాడదీయండి. ఎన్ని అంగుళాలు కుంగిందో చూసి, 26ను ఆ అంకెతో భాగించండి. 0.52 అంగుళం కుంగితే 50 పౌండ్ల స్పైన్. 0.58 కుంగితే 45 దగ్గర. కొలిచేటప్పుడు కర్రను పావు వంతు తిప్పి మళ్లీ చూడండి, రెండు స్పైన్ అంకెలు వస్తాయి. పెద్ద అంకె వచ్చిన వైపే రేపు విల్లు వైపుకు రావాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాం.

కార్బన్ బాణాల మీద ఉండే 400, 500 అంకెలతో దీన్ని కలపొద్దు. అక్కడ అంకె పెరిగేకొద్దీ కర్ర మెత్తన, ఇక్కడ అంకె పెరిగేకొద్దీ గట్టి.

మనకు కావల్సింది ఎంత? విల్లు 45 పౌండ్లు, అక్కడ మొదలు. బాణం 28 అంగుళాల కన్నా ప్రతి అంగుళం పొడవుకూ 5 కలపండి. ములికి 125 గ్రెయిన్లు దాటితే ప్రతి 25కూ ఇంకో 5. మన బాణం 29 అంగుళాలు, ములికి 125, అంటే 50. రికర్వ్‌లో బాణం వెళ్లే చోట మధ్యదాకా గాడి కోసి ఉంటే కాస్త గట్టి కర్ర పడుతుంది కాబట్టి 50-55 గుంపు తీసుకుంటాం. గాడి లోతు లేని లాంగ్‌బో అయితే 45-50 చాలు. ఇది మొదలుపెట్టడానికి అంచనా మాత్రమే, తీర్పు చెప్పేది గురి బస్తా.

[క్లోజప్: కర్ర కోసిన చివర. వయసు గీతలు అడ్డంగా కనిపిస్తున్నాయి.]

కర్ర విషయానికొస్తే, పాత పేరు పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్. ఓరెగాన్ నైరుతి తీరంలోనూ, దాన్ని ఆనుకున్న ఉత్తర కాలిఫోర్నియాలోనూ పెరిగే చెట్టు. కోస్తే అల్లం, మిరియం కలిపినట్టు ఘాటు వాసన. వేరు కుళ్లు తెగులు ఈ చెట్లను బాగా దెబ్బతీసింది. డగ్లస్ ఫర్ దీనికన్నా కాస్త బరువు, గట్టిదనమూ ఎక్కువే, ఎల్క్ లాంటి పెద్ద జింక జాతికి అదే మేలు. యాష్, హికరీ ఇంకా బరువు, కానీ వాటిని సాపు చేసేసరికి తాతలు దిగొస్తారు.

11/32 అంగుళం లావు తీసుకోండి. ఒక డజనులో బరువు తేడా 10 గ్రెయిన్లు మించకూడదు. ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు, ఒక గ్రాముకు 15.43. తూటాల మందు తూచే చిన్న త్రాసు దీనికి బాగా పనికొస్తుంది.

గీతలు చూడండి. అవి కర్ర పొడవునా సాగాలి. మధ్య భాగంలో గీత పక్కకు జారి బయటికి పోయిందంటే, కర్ర రేపు చీలేది ఆ దారిలోనే. అలాంటిదీ, కణుపున్నదీ పిల్లల ఆటకు కూడా వద్దు.

సాపు చెయ్యడం. కర్రను అద్దం మీద దొర్లిస్తే వెలుగు కనిపించే చోట వంపు ఉన్నట్టు. ఉబ్బును పైకి పెట్టి, అరచేతి మడమతో దాన్ని కిందికి ఒత్తుతూ పొడవునా రుద్దండి. రాపిడి వేడికి కర్ర లొంగుతుంది. లొంగకపోతే ఎలక్ట్రిక్ పొయ్యి కాయిల్‌కు బాగా పైన పట్టి, చెయ్యి పెట్టలేనంత కాకుండా వెచ్చబెట్టి, అవతలి వైపుకు కాస్త ఎక్కువే వంచి, చల్లారేదాకా వదలకండి. రంగు మారిందంటే కాలిందని అర్థం, అక్కడ బలం పోయినట్టే. మర్నాడు మళ్లీ చూడండి. కర్ర కుక్క తోకలాంటిది, ఒక్కరోజులో మాట వినదు.

ఇప్పుడు చివరలు చెక్కడం. ముందువైపు 5 డిగ్రీల కోణం, ములికి కోసం. వెనకవైపు 11 డిగ్రీలు, నాక్ (నారి పట్టే గాడి ఉన్న చిన్న ముక్క) కోసం. పెన్సిల్ చెక్కే మరలాంటి చిన్న పనిముట్టు రెండూ చేస్తుంది. పొడవు కొలవాల్సింది నాక్ గాడి అడుగునుంచి ములికి వెనక అంచు దాకా. ములికి లోపలికి దూరే భాగాన్ని ఆ 29 అంగుళాల్లో కలిపి కోశారంటే, లాగినప్పుడు బ్లేడు మీ వేళ్ల దగ్గరికి వస్తుంది.

[క్లోజప్: నాక్ గాడి నిలువుగా, కర్ర గీతలు అడ్డంగా.]

నాక్ అంటించేటప్పుడు కర్ర గీతలు గాడికి అడ్డంగా ఉండాలి. రెండు కారణాలు. గీతల అంచులు ఉన్న వైపే కర్ర గట్టిది, ఆ వైపే విల్లుకు ఆనాలి. ఇందాక పెద్ద అంకె వచ్చిందన్నది అదే. రెండోది, గాడి గీతల వెంటే ఉంటే నారి కొట్టిన దెబ్బకు కర్ర నిలువునా చీలుతుంది. ఇంకొక చిన్న సంగతి: పైవైపు గీతలు జారే చోట ఏర్పడే మొనలు ములికి వైపు చూడాలి. ఎప్పుడైనా విరిగితే పేళ్లు విల్లు పట్టిన చేతిలోకి కాకుండా పైకి లేస్తాయి.

నాక్ బిగువు పరీక్ష తేలిక. బాణాన్ని నారికి తగిలించి కిందికి వేలాడదీయండి. అది ఆగాలి. నారి మీద వేలితో ఒక్క దెబ్బ కొడితే ఊడాలి. వదులైతే లాగేటప్పుడు జారిపోయి, విల్లు ఒట్టిగా కొట్టుకుని పగులుతుంది. మరీ బిగువైతే వదలడం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.

పూత. 220, తర్వాత 320 గరుకు కాగితం. ఆపైన పాలియురెథేన్ పల్చగా రెండు మూడు పూతలు, మధ్యలో 0000 నంబరు స్టీల్ ఊలుతో నునుపు. పూత లేని కర్ర తేమ పీల్చి వంకరపోతుంది. ములికి కూర్చునే కోణానికి మాత్రం పూత వద్దు, జిగురు పట్టదు. ఇంకో ఇబ్బంది: కొన్ని పూతలకూ కొన్ని జిగురులకూ పడదు, ఈకలు మర్నాడే పొలుసులా లేచొస్తాయి. పనికిరాని ముక్క మీద ఒక ఈక అంటించి, ఒక రాత్రి ఆగి, పీకి చూసి అప్పుడు డజను మొదలుపెట్టండి.

[తెర మీద: జిగ్‌లో (ఈకలు అంటించే చట్రంలో) బిగించిన బాణం, క్లాంపులో ఈక.]

ఈకలు టర్కీ కోడి రెక్కవి, ఐదంగుళాలవి మూడు. ప్లాస్టిక్ రెక్కలు వద్దు. బాణం విల్లుకు కోసిన అర (షెల్ఫ్) మీదనుంచే వెళ్తుంది కాబట్టి, తగిలితే ఈక ఒదిగిపోతుంది, ప్లాస్టిక్ తన్నుతుంది. ఎడమ రెక్క ఈకలు, కుడి రెక్క ఈకలు ఒకే బాణం మీద కలపొద్దు. క్లాంపు కూడా దానికి తగ్గదే ఉండాలి. నాక్ గాడికి అడ్డంగా ఉండే ఈక విల్లుకు అవతలివైపు చూస్తుంది, దాన్ని వేరే రంగుది పెట్టుకుంటే మసక వెలుగులో కూడా పొరపాటు రాదు. ఈకలను కాస్త మెలితిప్పి అంటించాలి. బ్రాడ్‌హెడ్ బ్లేడు ముందునుంచి రెక్కలా గాలిని పట్టి బాణాన్ని లాగుతుంది, దాన్ని అదుపులో పెట్టాల్సింది వెనక ఉన్న ఈకలే. ఒక్కో ఈకకు పది పదిహేను నిమిషాలు ఇవ్వండి. తొందరపడితే ఈక అడుగు జారి, మూడూ మూడు దారులు పడతాయి.

ఈక కాడ ముందు మొనకు ఒక చుక్క జిగురు, వీలైతే నాలుగు చుట్ల దారం. ఇది అలంకారం అనుకోవద్దు. ఆ మొన లేస్తే బాణం దాటేటప్పుడు చేతి మెటికను కోసేస్తుంది.

పుంఖానుపుంఖాలుగా అంటుంటామే, ఆ పుంఖం ఇదే, బాణానికి ఈకలున్న చివర. ఒకదాని పుంఖం వెంటే ఇంకొకటన్నమాట. వేటలో మాత్రం రెండో బాణానికి అవకాశం అరుదు.

ములికికి హాట్ మెల్ట్ జిగురు వాడండి. ములికిని పటకారుతో పట్టి వెచ్చబెట్టి, కర్ర కోణానికి జిగురు రాసి, తిప్పుతూ తొయ్యండి. ఎపాక్సీ పెడితే తర్వాత సరిచేసుకోలేరు. ఇప్పుడు బాణాన్ని బల్ల మీద మొన ఆనించి బొంగరంలా తిప్పండి. మొన దగ్గర అదురు ఉందా? మళ్లీ వెచ్చబెట్టి పావు వంతు తిప్పి కూర్చోబెట్టండి. రెండు మూడుసార్లకూ పోకపోతే తప్పు ములికిది కాదు, చెక్కిన కోణమే వంకర. కోసి మళ్లీ చెక్కాలి. అదిరే బ్రాడ్‌హెడ్‌ను సర్దుకుపోయి వాడేవాళ్లు ఉంటారు, బాణం పోయిన చోట వెతుక్కునేవాళ్లూ వాళ్లే.

తూకం వేద్దాం. కర్ర 345, పూత 12, ఈకలు 9, నాక్ 10, జిగురు 5, ములికి 125. మొత్తం 506 గ్రెయిన్లు. విల్లు పౌండుకు 11 పైన. వేటకు పౌండుకు 10 అన్నది మంచి కొలత. 7 కిందికి పోతే విల్లుకే ప్రమాదం. పెద్ద ఎముకలు విరగ్గొట్టడానికి 650 కావాలనే వాదన ఉంది, పెద్ద జంతువులకు అందులో న్యాయం ఉంది. 45 పౌండ్ల విల్లుకు అంత బరువు కడితే 20 గజాల్లోనే బాణం ఇంద్రధనుస్సులా దిగుతుంది. జింకకు 500 చాలు. సెకనుకు 165 అడుగుల వేగమనుకుంటే 20 గజాలకు సెకనులో మూడో వంతు పైనే పడుతుంది. విల్లు చప్పుడు అంతకన్నా చాలా ముందే జింక చెవిని చేరుతుంది. బరువు బాణంతో విల్లు చప్పుడు తగ్గుతుంది, అసలు లాభం అది.

[తెర మీద: గురి బస్తాలో ఈకల బాణాలు మూడు, ఈకలు లేని బాణం ఒకటి.]

పరీక్షకు ఒక బాణాన్ని ఈకలు లేకుండా ఉంచండి, బ్రాడ్‌హెడ్ బదులు అదే 125 గ్రెయిన్ల ఫీల్డ్ పాయింట్ (బ్లేడు లేని సాధన ములికి) పెట్టండి. 10 గజాలనుంచి మొదలుపెట్టండి, ఎక్కువ దూరంనుంచి వేస్తే విరుగుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు ఈకల్లేనిది ఎడమకు పడితే కర్ర గట్టిది: బరువైన ములికి వేసి చూడండి. కుడికి పడితే మెత్తది: ములికి తేలిక చెయ్యండి, లేదా కర్రను పావు అంగుళం చొప్పున తగ్గించండి. నారి మీద బాణం తగిలించే గుర్తు, షెల్ఫ్ నుంచి నారికి లంబకోణంలో వచ్చే గీతకు అర అంగుళం పైన ఉందా లేదా అన్నది వీటన్నిటికంటే ముందు చూసుకోండి. తర్వాత బ్రాడ్‌హెడ్, ఫీల్డ్ పాయింట్ 15 గజాలనుంచి ఒకే చోట పడాలి.

పదును చివరి పని. బాణం గుండులా కొట్టి చంపదు, కోసి రక్తం పోగొడుతుంది. మొండి అంచు రక్తనాళాన్ని పక్కకు తోస్తుంది, పదునైన అంచు తెంచుతుంది. అంచు వాలుకు మార్కర్ రంగు పూసి ఆకురాయితో రెండు తోపులు తోయండి. రంగు ఎక్కడ మిగిలిందో అక్కడ మీ కోణం తప్పుతోంది. రెండోవైపు గరుకు తగిలేదాకా ఒకవైపు, తర్వాత ఆ వైపు, ఆఖరున తోలు పట్టీ. ముంజేతి వెంట్రుకలు గొరగాలి. తర్వాత తుప్పు పట్టకుండా పల్చగా వాసెలిన్. బ్లేడు పూర్తిగా కప్పే క్వివర్‌లోనే (అమ్ములపొదిలోనే) పెట్టండి.

వేటకు బయల్దేరే ముందు ప్రతి బాణాన్నీ రెండు చేతులతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టి, నాలుగు వైపులకూ కాస్త వంచండి. ‘టిక్’ మన్నదంటే పగులుంది. అలాంటి దాన్ని మూలన పెట్టొద్దు. ఎవరో ఒకరు మర్చిపోయి నారికి తగిలిస్తారు.

[క్లోజప్: పగిలిన బాణాన్ని మోకాలికి ఆనించి రెండు ముక్కలు చెయ్యడం.]

ఇదిగో, ఇలా విరిచేయండి. ములికి వెచ్చబెట్టి ఊడదీసుకుని, ఇంకో కర్రకు వాడుకోవచ్చు.