క్రిస్మస్ రాత్రి యెషయా ఎక్కడ మొదలుపెట్టాలి? ఏడాది పాఠాల పట్టిక వేసుకునే పద్ధతి

[దృశ్యం: రాత్రి ఆరాధన. ప్రసంగ పీఠం మీద తెరిచిన తెలుగు బైబిలు, పక్కన ఒక చీటీ]

వాయిస్: చీటీలో “యెషయా 9:1-6” అని ఉంది. చదివేవారు బి.ఎస్.ఐ. (బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా) తెలుగు బైబిలు తెరిచి ఒకటో వచనం ఎత్తుకున్నారు. “చీకటిలో నడుచు జనులు” కోసం ఎదురుచూస్తున్న సంఘానికి ముందు జెబూలూను, నఫ్తాలి వినబడ్డాయి. దావీదు సింహాసనం ఊసు రాకుండానే పాఠం ఆగిపోయింది.

తప్పు చదివినవారిది కాదు. ఆ చీటీ కతోలిక పాఠాల పట్టిక నుంచి, అంటే ఏ రోజు ఆరాధనలో బైబిల్లోని ఏ భాగాలు చదవాలో చెప్పే జాబితా నుంచి దించుకున్నది. అక్కడ వచనాల అంకెలు హెబ్రీ బైబిలువి. అక్కడి 1-6 మన బైబిల్లో 2-7.

[తెరపై పటం: పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం]

వాయిస్: ఒడిశా సరిహద్దులో ఈ చిక్కు రావడానికి కారణం ఉంది. కతోలిక, లూథరన్, బాప్టిస్టు సంఘాలు ఇరుగుపొరుగున ఉంటాయి. ఒకరి పట్టిక ఇంకొకరి వాట్సాప్‌లోకి వచ్చేస్తుంది. బాప్టిస్టు సంఘాల్లో సాధారణంగా పాస్టరుగారే వాక్యభాగం ఎంచుకుంటారు. లూథరన్ సంప్రదాయంలో ఏటా అవే పాఠాలు తిరిగే పాత పట్టిక కూడా ఉంది. కాబట్టి మీ సంఘం ఆల్మనాక్ (సంఘ పంచాంగం) ఏ పట్టికను అనుసరిస్తోందో ముందు చూడండి. మిగతా పనంతా దాని తర్వాతే.

మూడేళ్ల పట్టిక కతోలిక సంఘంలో 1969లో వచ్చింది. దాని ఆధారంగా ప్రొటెస్టంట్ సంఘాలు తయారుచేసుకున్న రివైజ్డ్ కామన్ లెక్షనరీ 1992ది. రెండింటిలోనూ ఎ సంవత్సరం మత్తయిది, బి మార్కుది, సి లూకాది. యోహానుకు సొంత ఏడాది లేదు. ఆయన సువార్త ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలమైన లెంటులో, ఈస్టరు కాలంలో ఎక్కువగా వస్తుంది.

[తెరపై: 2027 ÷ 3, శేషం 2]

వాయిస్: ఏది ఏ సంవత్సరమో తెలియాలంటే సంవత్సరం అంకెను 3తో భాగించండి. శేషం 1 అయితే ఎ, 2 అయితే బి, ఏమీ మిగలకపోతే సి. 2027 బి సంవత్సరం. అయితే అది జనవరి 1న మొదలవదు, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారమైన 2026 నవంబరు 29నే మొదలవుతుంది. గోడ క్యాలెండరు మారేదాకా ఆగితే ఆగమన కాలపు పాఠాలన్నీ పాత ఏడాదివే చదివేస్తారు.

ఇక తేదీలు. 2027లో లెంటు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టరు మార్చి 28, పెంతెకొస్తు మే 16. వీటిని ముందు రాసుకుని, ఆ తర్వాత సామాన్య కాలాన్ని, అంటే పండుగ కాలాలు పోగా మిగిలిన వారాలను, వెనక నుంచి లెక్కపెట్టండి. ముందు నుంచి లెక్కపెడితే తప్పుతుంది. క్రీస్తు రాజు పండుగ నవంబరు 21. అది సామాన్య కాలంలో చివరిదైన 34వ ఆదివారం. అక్కడి నుంచి వారం వారం వెనక్కి వస్తే జూన్ 6 పదో ఆదివారం అవుతుంది. లెంటుకు ముందు అయిదో వారంతో ఆగి, పెంతెకొస్తు తర్వాత ఏడో వారంతో అందుకుంటాం. ఆ ఏడాది ఆరో వారం ఉండదు. దాని కోసం వెతకొద్దు.

[తెరపై: జూన్ 6, రెండు పట్టికలు పక్కపక్కన]

వాయిస్: కతోలిక పట్టికలో ఇది 10వ ఆదివారం, రివైజ్డ్ కామన్‌లో ప్రాపర్ 5 (ఈ ఆదివారాలను ఆ పట్టిక ‘ప్రాపర్’ అంటుంది). ఈ కాలంలో రెండు అంకెలకూ తేడా ఎప్పుడూ అయిదే. రెండింటిలోనూ సువార్త మార్కు 3:20-35. పాత నిబంధన దగ్గరే దారి చీలుతుంది. రివైజ్డ్ కామన్‌లో రెండు వరసలు ఉన్నాయి. ఒకదానిలో 1 సమూయేలు 8, రాజు కావాలని జనం అడిగిన ఘట్టం. సమూయేలు, దావీదుల కథ అలా వారాల తరబడి సాగుతుంది. రెండోదానిలో ఆదికాండము 3, సువార్తకు జోడుగా.

ఏ వరస మొదలుపెడితే ఆగమన కాలం దాకా అదే సాగించాలి. ఈ వారం ఇది, వచ్చే వారం అది అంటే రెండూ చెడతాయి. నాట్ల రోజుల్లో జనం పలచబడే పల్లె సంఘాలకు, పాస్టరుగారు నెలకోసారి వచ్చే చోట్లకు, సువార్తకు జోడుగా ఉన్నదే నయం. సీరియల్‌లా సాగే కథలో రెండు వారాలు తప్పితే మూడో వారం ఎవరికీ తలాతోకా దొరకదు.

మార్కు చిన్న సువార్త. అందుకే బి సంవత్సరంలో అయిదు ఆదివారాలు యోహాను 6 చదువుతారు. 2027లో అవి జూలై 25 నుంచి ఆగస్టు 22 వరకు. ఆగస్టు 15 ఆదివారమే వస్తోంది. ఆ రోజు మరియమాత మోక్షారోపణ పండుగ కాబట్టి కతోలిక గుడుల్లో యోహాను 6:51-58 పోతుంది. రివైజ్డ్ కామన్‌లో ఉంటుంది.

[దృశ్యం: రెండు బైబిళ్లు పక్కపక్కన]

వాయిస్: అంకెల తేడా యెషయాతో ఆగదు. కతోలిక చీటీలో మలాకీ 3:19 అని ఉంటుంది. మన బైబిల్లో మూడో అధ్యాయం 18తోనే అయిపోతుంది. 4:1 తీయండి. కీర్తన 51:3 అని ఉంటే మన 51:1. అక్కడ శీర్షికను కూడా వచనాలుగా లెక్కపెట్టారు.

“20బి” అంటే వచనంలో రెండో సగం. ఇంగ్లీషు బైబిల్లో సగం నుంచి మొదలుపెట్టొచ్చు. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి సగం ఎక్కడో చాలాసార్లు తేలదు. భస్మ బుధవారం నాటి 2 కొరింథీయులకు 5:20 ఒకే వాక్యం. మొత్తం చదివేయండి. కుండలీకరణాల్లో ఉన్న వచనాలు మాత్రం ఐచ్ఛికం. సమయం లేకపోతే వదిలేయొచ్చు.

మన ప్రాంతానికే ఉన్న ఇంకో సంగతి. ఒడియా మీడియంలో చదువుకున్న పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు అక్షరాల దగ్గర తడబడతారు. పీఠం ఎక్కించి ఇబ్బంది పెట్టకండి. పత్రిక పాఠం (అపొస్తలుల లేఖల నుంచి చదివేది) ఒడియా బైబిలు నుంచి వాళ్లచేత చదివించి, సువార్త తెలుగులో ఉంచండి. ఒడియా బైబిల్లో వచనాల అంకెలు ఒకసారి సరిచూసుకోండి. తెలుగే చదువుతామంటే ఒడియా లిపిలో రాసి గురువారానికల్లా చేతికివ్వండి. ఆదివారం పొద్దున ఇస్తే ఉపయోగం లేదు.

చీటీ మీద అంకెలతో పాటు మొదటి మాటలు, చివరి మాట కూడా రాయండి. అంకె తప్పినా చదివేవారు తప్పరు.

[తెరపై చీటీ: యెషయా 9:2-7. మొదలు: “చీకటిలో నడుచు జనులు”. ముగింపు: “నెరవేర్చును”.]